పెట్రోసియన్: డ్రాలతో కిరీటం గెలిచిన పులి

1962లో కరేబియన్ దీవి కురసావ్‌లో క్యాండిడేట్స్ టోర్నీ జరిగింది. ప్రపంచ చెస్ చాంపియన్ మిఖాయిల్ బోత్విన్నిక్‌తో తలపడేది ఎవరో తేల్చే పోటీ అది. ఎనిమిది మంది ఆటగాళ్లు, ఒక్కొక్కరూ మిగతా ఏడుగురితో నాలుగేసి గేములు ఆడాలి. వారిలో ముగ్గురు సోవియట్ గ్రాండ్‌మాస్టర్లు తిగ్రాన్ పెట్రోసియన్, పాల్ కెరెస్, ఎఫిమ్ గెల్లర్ తమలో తాము 12 గేములు ఆడారు. పన్నెండూ డ్రాలే. సగటున 19 ఎత్తులకే చేతులు కలిపేసుకున్నారు.

చివరి రౌండ్‌కి పెట్రోసియన్ అర పాయింట్ ముందున్నాడు. ఎదురుగా కూర్చున్నది పట్టికలో అట్టడుగున ఉన్న ఫిలిప్. అక్కడా తొందరగా డ్రా చేసుకున్నాడు. వెంటాడుతున్న కెరెస్ అదే రోజు బాబీ ఫిషర్‌ను ఓడించలేకపోయాడు. పెట్రోసియన్‌కు 17.5 పాయింట్లు, కెరెస్‌కు, గెల్లర్‌కు 17 చొప్పున వచ్చాయి. టోర్నీ మొత్తంలో పెట్రోసియన్ ఒక్క గేమూ ఓడలేదు.

ఈ ఆట తీరు వెనుక ఒక జీవితం ఉంది. పెట్రోసియన్ 1929లో జార్జియాలోని టిబిలిసిలో ఆర్మేనియన్ కుటుంబంలో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తల్లిదండ్రులిద్దరూ పోయారు. టీనేజీ కుర్రాడు వీధులు ఊడ్చి పొట్ట పోసుకున్నాడు. ఆ రోజుల్లోనే వినికిడి దెబ్బతింది. నిమ్జోవిచ్ పుస్తకాన్ని అరిగిపోయేదాకా చదివి, ప్రత్యర్థి పథకం మొలకెత్తకముందే తుంచేయడం నేర్చుకున్నాడు. ఏమీ మిగలని స్థితి నుంచి వచ్చినవాడు చేతిలో ఉన్నదాన్ని పణంగా పెట్టడానికి వెనకాడడంలో వింతేముంది?

అభిమానులు మాత్రం ఒప్పుకోలేదు. 1955 సోవియట్ చాంపియన్‌షిప్‌లో 19 గేములాడి నాలుగే గెలిచాడు, మిగతా 15 డ్రా. ఓటమి లేదు. అయినా సోవియట్ పత్రికలు, చెస్ అధికారులు పెదవి విరిచారు. రెండేళ్ల తర్వాత 1957లో తెగించి ఆడి ఏడు గెలిచాడు, నాలుగు ఓడాడు, ఏడో స్థానంలో నిలిచాడు. ఈసారి మెచ్చుకున్నారు! ప్రేక్షకుడికి కావాల్సింది పోరు. ఆటగాడి బతుకు నడిచేది ఫలితం మీద. ఈ రెండింటి మధ్య దూరం పెట్రోసియన్‌ను చివరిదాకా వదల్లేదు.

కురసావ్ తర్వాత ఆ కోపం పెద్దదైంది. సోవియట్ ఆటగాళ్లు కుమ్మక్కయ్యారని ఫిషర్ అమెరికన్ పత్రికలో బహిరంగంగా ఆరోపించాడు. అతని లెక్కలో ఒక లోపం ఉంది. 14 పాయింట్లతో ఫిషర్ చాలా వెనకబడ్డాడు, ఆ డ్రాలు లేకపోయినా గెలిచేవాడని చెప్పలేం. అయితే ఆరోపణలో పస లేదనీ అనలేం. 28 రౌండ్ల టోర్నీలో ముగ్గురు తమ మధ్య గేముల్లో విశ్రాంతి తీసుకుంటే, ఆ అలసట మిగతావాళ్లకే మిగులుతుంది. దీనివల్ల బాగా నష్టపోయిందీ ఆ ముగ్గురిలో ఒకరే. కెరెస్‌కు ప్రపంచ టైటిల్ పోరు ఎప్పటికీ దక్కలేదు.

ఫిడే స్పందించింది. తర్వాతి విడత నుంచి క్యాండిడేట్స్‌ను ముఖాముఖి నాకౌట్ మ్యాచ్‌లుగా మార్చింది. 30 ఎత్తుల లోపు డ్రాకు ఒప్పుకోకూడదన్న నిబంధన మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు. ఇద్దరూ ఆడదలుచుకోకపోతే 30 ఎత్తులూ నాటకమే అవుతాయి.

అలాగని పెట్రోసియన్‌ను పిరికివాడని తీసిపారేయలేం. 1953 జ్యూరిక్ టోర్నీలో రెషెవ్‌స్కీపై తన రూక్‌ను అంతకన్నా తక్కువ విలువైన బిషప్‌కు అప్పగించిన ఎత్తును నేటికీ పాఠంగా చెబుతారు. ఆ గేమూ డ్రాయే! 1963లో బోత్విన్నిక్‌తో మ్యాచ్‌లో మొదటి గేమ్ ఓడి కూడా 12.5-9.5 తేడాతో కిరీటం గెలిచాడు. 1966లో స్పాస్కీపై దాన్ని నిలుపుకున్నాడు, 1969లో అతనికే కోల్పోయాడు. 1971లో వరుసగా గెలుస్తూ వచ్చిన ఫిషర్‌ను ఆపిందీ ఇతనే, ఆ మ్యాచ్ ఓడిపోయినా. పది ఒలింపియాడ్లలో 129 గేములాడి 78 గెలిచాడు, ఓడింది ఒక్కటే.

1984 ఆగస్టులో క్యాన్సర్‌తో మాస్కోలో చనిపోయాడు. ఆర్మేనియా అతన్ని తన కరెన్సీ నోటు మీద అచ్చు వేసుకుంది.

వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశిని మనం ఇష్టపడేది అతను డ్రాతో సరిపెట్టుకోడనే. ఆ ఇష్టం న్యాయమైనదే. కానీ టోర్నీ పట్టిక అర పాయింట్‌కు విలువ కట్టినంత కాలం ఎవరో ఒకరు దాన్ని జేబులో వేసుకుని లేస్తారు. తిట్టాల్సి వస్తే ముందు ఆ పట్టికను తిట్టాలి, ఆ తర్వాతే ఆటగాణ్ని.