శిలలను జదివిన వైద్యుడు

హైదరాబాదునకు పడమట, నేడు హైటెక్ సిటీ, గచ్చిబౌలి యని పేరొందిన తావున, ఒకదానిపై నొకటి పేర్చినట్లుండు గుండ్లను మన సభ్యులలో పలువురు చూచియుందురు. సృష్టి ముగిసిన పిదప మిగిలిన రాళ్లనిచ్చట పారబోసిరని పెద్దలు వేడుకగా జెప్పుదురు. ఈ సీమ రాళ్లను శాస్త్రదృష్టితో పరిశీలించినవాడు హెన్రీ వెస్లీ వాయిసీ.

ఆయన ఆంగ్ల సైన్యవైద్యుడు. 1818లో కర్నల్ లాంబ్టన్ నడుపుచున్న మహా త్రికోణమితి సర్వేయందు వైద్యుడుగను, భూగర్భ పరిశోధకుడుగను నియమితుడయ్యెను. సర్వేవారు భూమి పైముఖమును గొలిచిరి. ఇతడు లోపలి లెక్క తీయబూనెను. కరణీకపు కుటుంబమున బుట్టిన నాకు ఈ రెండవ లెక్కయే కష్టమని తోచును. దీనికి సరిహద్దు రాళ్లు లేవు గదా!

1819లో కృష్ణా గోదావరుల నడిమి యడవులలో, పిమ్మట హిమగిరి శిఖరమునకు దన పేరు సంక్రమించిన ఎవరెస్టుతో గూడి పనిచేయుచుండగా పరివారమంతయు జ్వరము వాతబడెను. కొందరు దారిలోనే మరణించిరి. వాయిసీ కోలుకొని మరల గొండలకే పోయెను. హైదరాబాదు ప్రాంతమునకు మొట్టమొదటి భూగర్భ పటమును రచించెను. బనగానపల్లె వజ్రపు గనులలోనికి దిగి, ఇసుకరాతి నడుమ గులకలతో గూడిన పొరయందు వజ్రములున్నవని నిరూపించెను.

1823లో లాంబ్టన్ మరణించెను. మరుసటి యేడు ఏప్రిలులో కలకత్తాకు బోవుచు వాయిసీయు జ్వరముతో మార్గమధ్యముననే కన్నుమూసెను. వజ్రముల వ్యాసము 1825లో, హైదరాబాదు భూగర్భ నివేదిక 1833లో అచ్చయినవి. తన వ్రాతలను అచ్చులో జూచుకొను భాగ్యము ఆయనకు లేకపోయెను. భారత భూగర్భశాస్త్ర పితామహుడను పేరు మాత్రము తరువాతివారిచ్చిరి.

ఆయన కాలమున శిలల వయస్సు లెక్కించు సాధనము లేదు. ఈ నల్లసేనపు రాయి సుమారు 250 కోట్ల యేండ్లదని నేడెరుగుదుము. భూమి లోతున గరగిన పదార్థము చల్లారి గట్టిపడెను. పగుళ్లలో నీరు దిగగా మూలలు ముందుగా నరిగెను. మెత్తబడిన మొరము వానలకు గొట్టుకొనిపోగా నడిమి గట్టిభాగములు గుండుపై గుండుగా నిలిచెను.

1998లో సైబర్ టవర్స్ వెలసినది మొదలు ఆ చుట్టుపట్ల గుండ్లెన్నో పేల్చబడి కంకరయైనవి. దుర్గం చెరువు గట్టున, ఖాజాగూడ కొండలపై, గచ్చిబౌలి విశ్వవిద్యాలయ ప్రాంగణమున నింకను గొన్ని మిగిలియున్నవి. ఉద్యోగములకై అటు పోయిన మన యూరి పిల్లలు ఆదివారమున వానిని చూడవచ్చును.