ఇంగ్లీషు మాటకు తెలుగు అర్థం చెప్పిన బ్రౌన్ దొర

కడపలో యర్రముక్కపల్లె దారిన పోయేవారికి బ్రౌన్ గ్రంథాలయం కనిపిస్తుంది. ఒకప్పుడు అక్కడ ఒక తెల్లదొర బంగళా ఉండేది. ఆయన పేరు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. వేమన పద్యాలను వెలుగులోకి తెచ్చిన మనిషిగా జిల్లాలో చాలామందికి తెలుసు. తెలుగువాడు ఇంగ్లీషు నేర్చుకోవడానికి ఆయన పడిన పాటు మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టారు. తండ్రి మతాచార్యుడు, బహుభాషలు తెలిసినవాడు. తండ్రి చనిపోయాక కుటుంబం ఇంగ్లండు చేరింది. కంపెనీ కొలువుకు చదివి, 1817లో బ్రౌన్ మద్రాసులో ఓడ దిగారు. అప్పటికి ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర అక్షరాలు దిద్దారు.

1820లో కడప కలెక్టరుకు సహాయకుడిగా వచ్చారు. మద్రాసులో పుస్తకం పట్టి నేర్చిన తెలుగు వేరు, కచేరీ మెట్లెక్కి మొర పెట్టుకునే రైతు తెలుగు వేరు. పండితులు కావ్యాలలోని మాటలకే విలువ ఇచ్చేవారు. సంతలో, చేనులో వినిపించే మాటను చులకన చేసేవారు. బ్రౌన్ ఆ మాటలను కూడా రాసి పెట్టుకున్నారు. ఆయన నిఘంటువులకు బలం అక్కడే వచ్చింది.

మచిలీపట్నం, రాజమండ్రి తిరిగి మళ్లీ కడప వచ్చాక బంగళా కొన్నారు. అందులో పండితులను, లేఖకులను పెట్టుకుని సొంత డబ్బుతో జీతాలిచ్చారు. తాళపత్రాలు తెప్పించి, ప్రతులు పోల్చి, తప్పులు దిద్దించి కాగితం మీద రాయించారు. జీతం చాలక అప్పులపాలయ్యారు. అయినా పండితులను మానిపించలేదు.

రెండు భాషల మధ్య మాటకు మాట సరిపోదని అధికారిగా, న్యాయమూర్తిగా పనిచేసిన వాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఇంగ్లీషులో అంకుల్ అని ఒక్క మాట ఉంది. మనకు మేనమామ వేరు, పెదనాయన వేరు, చిన్నాయన వేరు. భూమి వాటాల తగాదాలో మేనమామను చిన్నాయనగా రాసుకుంటే ఒక కుటుంబం కొంప మునుగుతుంది. రైస్ అన్నా అంతే. వడ్లా, బియ్యమా, అన్నమా అని అడగాల్సిందే.

పెద్ద పెద్ద మాటలు నిజానికి తేలిక. ఒక అర్థం కంఠస్థం చేస్తే సరిపోతుంది. కష్టమంతా టేక్, పుట్, గెట్ వంటి చిన్న మాటలతోనే. మందు వేసుకోవడానికీ, కుర్చీలో కూర్చోవడానికీ, పనికి కాలం పట్టడానికీ టేక్ అనే మాటే వస్తుంది. మన దగ్గర జలుబు మనిషిని పట్టుకుంటుంది. ఇంగ్లీషులో మనిషే జలుబును పట్టుకుంటాడు! పదానికి పదం పెట్టి అనువదించేవాడు ఇక్కడే బోల్తా పడతాడు.

ఈ చిక్కు తెలిసే బ్రౌన్ తన ఇంగ్లీషు - తెలుగు నిఘంటువులో ఉత్త అర్థాలతో సరిపెట్టలేదు. ఇంగ్లీషు పలుకుబళ్లను, వాడుకలను తెలుగులో వివరించారు. ఉచ్చారణ కూడా చూపారు. చాకుకు ఇంగ్లీషులో రాసే మాటలో మొదటి అక్షరం పలకదని పుస్తకం చెప్పకపోతే, బడి లేని ఊరి కుర్రవాడికి ఎలా తెలుస్తుంది?

మాట విలువ ఆయనకు మరోచోట కూడా ఎదురైంది. 1832-33లో గుంటూరు ప్రాంతంలో నందన కరువు వచ్చింది. జనం పిట్టల్లా రాలిపోయారు. పైఅధికారులు తమ కాగితాలలో కొరత అనే అర్థం వచ్చే మెత్తని మాటే ఇష్టపడ్డారు. బ్రౌన్ మాత్రం కరువును కరువనే రాశారు. కొరత అంటే సర్కారు తాపీగా ఆలోచించవచ్చు. కరువు అంటే గంజి పోయక తప్పదు.

1834లో ఇంగ్లండు వెళ్లి, 1837లో తిరిగి వచ్చారు. మద్రాసులో అనువాదకుడిగా, తర్వాత పోస్టుమాస్టరు జనరలుగా పనిచేస్తూ నిఘంటువుల పని సాగించారు. 1852 మొదలు రెండేళ్లలో అవి వెలువడ్డాయి. ఇంగ్లీషు - తెలుగు, తెలుగు - ఇంగ్లీషు నిఘంటువులు పెద్దవి. తెలుగులో కలిసిపోయిన పరభాషా పదాలకు 1854లో మిశ్రభాషా నిఘంటువు వేశారు. కచేరీ వ్యవహారాల మాటలకు జిల్లా నిఘంటువు అని ఇంకొకటి ఉంది. అన్నిటి వెనుక సుమారు ముప్పయ్యేళ్ల శ్రమ ఉంది. చీటీల మీద రాసుకోవడం తప్ప వేరే సాధనం లేని రోజులవి.

ఆరోగ్యం చెడి 1855లో ఇంగ్లండు వెళ్లిపోయారు. ఆయన పెళ్లి చేసుకోలేదు. ముసలితనంలో లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడిగా ఉన్నారు. 1884 డిసెంబరు 12న లండన్‌లోనే కన్నుమూశారు.

తెలుగు - ఇంగ్లీషు నిఘంటువును కందుకూరి వీరేశలింగం మొదలైనవారు సవరించి, పెంచగా 1903లో మళ్లీ అచ్చయింది. కడప బంగళా మాత్రం పట్టించుకునేవారు లేక శిథిలమైంది. మొండిగోడలు మిగిలిన ఆ స్థలంలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి ఇంటింటికీ తిరిగి విరాళాలు పోగుచేసి గ్రంథాలయం నిలబెట్టారు. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద భాషా పరిశోధన కేంద్రంగా నడుస్తోంది.