మౌనసాక్షి: రాబర్ట్ ఓవెన్

స్కాట్లండులో క్లైడ్ నది యొడ్డున న్యూ లానార్క్ అను గ్రామము కలదు. 1800 జనవరిలో అచ్చటి నూలుమిల్లుల నిర్వహణభారమును రాబర్ట్ ఓవెన్ వహించెను. గ్రామజనము రమారమి 2,000. పనివారికి ఆయన పరదేశి. కొత్త యజమాని యనగా పని హెచ్చించి కూలి తగ్గించువాడని వారి తలంపు. అందుచే ఆయన యేమి చెప్పినను అనుమానముతోనే వినిరి.

ఓవెన్ 1771లో వేల్సులోని న్యూటౌనులో జన్మించెను. తండ్రి గుఱ్ఱపు జీనులు చేయువాడు. పదియవ యేటనే బడి విడిచి, బట్టల దుకాణములలో కొలువు చేసి, ఇరువదియేండ్ల ప్రాయమున మాంచెస్టరులో 500 మంది పనిచేయు మిల్లుకు పర్యవేక్షకుడయ్యెను. కనుక పనివాని మనస్సు ఆయనకు క్రొత్త కాదు.

న్యూ లానార్క్‌లో ఆయన కోపగింపలేదు. పనివారిలో పలుకుబడి గలవారిని వెదకి, తన యుద్దేశములను ఓపికతో వివరించెను. మేలైన సరుకులను చవుకగా అమ్మించెను. పదేండ్లలోపు పిల్లలను పనిలో చేర్చుకొనుట మానెను. అయినను అపనమ్మకము పూర్తిగా తొలగలేదు. 1806-07 ప్రాంతమున అమెరికా పత్తి కరవై, మిల్లులు నాలుగు నెలలు నిలిచిపోయెను. ఓవెన్ ఎవరిని తొలగింపక, యంత్రములను శుభ్రముగా నుంచు పని యప్పగించి, అందరికి పూర్తి వేతన మిచ్చెను. అందుకైన వ్యయము 7,000 పౌనులకు పైమాట. ఏండ్లతరబడి మాటలు సాధింపలేనిదానిని ఆ నాలుగు నెలలు సాధించెను.

ప్రతి పనివాని చెంతను నాలుగు ముఖముల చిన్న కొయ్యముక్క వ్రేలాడుచుండెడిది. నలుపు చెడ్డపనికి, నీలము సామాన్యమునకు, పసుపు మంచికి, తెలుపు ఉత్తమమునకు గుర్తులు. ముందటి దినపు నడవడినిబట్టి పర్యవేక్షకుడు తగిన రంగును ముందునకు త్రిప్పి, పుస్తకమున వ్రాసియుంచును. ఓవెన్ మిల్లులో నడచుచు రంగును చూచి, మనిషిని చూచి, మాటాడక సాగిపోయెడివాడు. గుర్తు అన్యాయమని తలచినవాడు అది పుస్తకమున కెక్కకముందే ఆయనతో మొరపెట్టుకొనవచ్చును. క్రమముగా నలుపు తగ్గి తెలుపు హెచ్చెను. ఇందులో నిఘా యున్నమాట నిజము. నలుగురి యెదుట నల్లరంగు కొందరికి అవమానముగా తోచియుండవచ్చును. మొర వినువాడొకడు ఉండుటచేతనే అది భరింపదగినదయ్యె ననవచ్చును.

1816లో ఆయన పనివారి పిల్లలకు విద్యాలయము తెరచెను. పిల్లలను కొట్టరాదు, పరుషముగా పలుకరాదు అనునవి ఉపాధ్యాయులకు ఆయన విధించిన నియమములు.

1825లో అమెరికాలోని ఇండియానాలో న్యూ హార్మొనీ అను సమాజమును స్థాపించి, కొద్దికాలమునకే నెలల తరబడి దూరముగా నుండెను. భిన్నాభిప్రాయములు పెచ్చుపెరిగి, రెండేండ్లకే ఆ ప్రయత్నము విఫలమయ్యెను. న్యూ లానార్క్‌లో మొర వినుటకు ఆయన యుండెను; ఇచ్చట తొలి నెలలలో చాలకాలము ఆయన లేడు. 1858లో పుట్టినయూరనే కన్నుమూసెను.

మన బడులలోను హాజరుపట్టీ, మార్కుల పట్టిక మౌనసాక్షులే. వాని ప్రక్కన పిల్లవాని మొర వినుటకు ఒక చెవి యున్నదా యని ఉపాధ్యాయుడు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.