ఒకే మంటతో మూడు పాత్రలు: నార్బర్ట్ రిల్యూ



ఈసారి ప్రెషర్ కుకర్ పొయ్యి మీద పెట్టినప్పుడు మీ అబ్బాయినో అమ్మాయినో పిలిచి, అందులో అన్నం ఎందుకు త్వరగా ఉడుకుతుందో అడగండి. లోపల ఒత్తిడి పెరిగితే నీళ్ళు 100 డిగ్రీలు దాటాక గానీ మరగవని ఠక్కున చెప్పేస్తారు. అప్పుడు ఇంకో ప్రశ్న వేయండి: మరి ఒత్తిడి తగ్గిస్తే? అంతకంటే తక్కువ వేడికే మరుగుతాయి. ఈ చిన్న విషయాన్ని పట్టుకునే నార్బర్ట్ రిల్యూ చక్కెర తయారీ ఖర్చును తగ్గించాడు.

ఆయన 1806లో అమెరికాలోని న్యూ ఓర్లియన్స్‌లో పుట్టాడు. తండ్రి తెల్లజాతి ఇంజినీర్, తల్లి స్వేచ్ఛ గల నల్లజాతి స్త్రీ. కాబట్టి రిల్యూ బానిస కాదు, కానీ తెల్లవారితో సమానుడూ కాదు. తండ్రి కొడుకుని చదువుకు పారిస్ పంపించాడు. ఇరవై నాలుగేళ్ళ వయసుకే అక్కడి ఇంజినీరింగ్ కళాశాల ఎకోల్ సెంట్రాల్‌లో పాఠాలు చెప్పే స్థాయికి చేరాడు. ఆవిరి యంత్రాల మీద వ్యాసాలూ రాశాడు.

1830ల్లో సొంత ఊరికి తిరిగొచ్చాడు. చుట్టూ చెరకు తోటలు. చెరకు రసంలో 80 శాతానికి పైగా నీళ్ళే ఉంటాయి. ఆ నీళ్ళన్నీ ఇంకిపోతేనే చక్కెర. మన వైపు బెల్లం వండడం చూసినవారికి ఆ పొయ్యి సెగ ఎలాంటిదో తెలుసు. లూసియానాలో వరుసగా మూతలేని బానలు పెట్టి, కింద కట్టెలు మండించి, కాగే రసాన్ని పొడవాటి గరిటెలతో ఒక బానలోంచి ఇంకో బానలోకి బానిసల చేత పోయించేవారు. ఒళ్ళు కాలిన వాళ్ళకు లెక్కలేదు. కట్టెలు బండ్లకొద్దీ తగలబడేవి. ఇంతా చేస్తే వేడి ఎక్కువై చక్కెర మాడి నల్లబడేది. రసంలోంచి లేచిన ఆవిరి మాత్రం గాల్లో కలిసిపోయేది.

రిల్యూ కన్ను పడింది ఆ ఆవిరి మీదే. ఆయన పాత్రలకు మూతలు బిగించాడు. మొదటి పాత్రలో రసం నుంచి లేచిన ఆవిరిని గొట్టాల గుండా పంపి రెండో పాత్రను వేడిచేశాడు. రెండోదాని ఆవిరితో మూడోది. ముందు పాత్ర ఆవిరి అంత వేడిగా ఉండదు కదా, దాంతో తర్వాతి రసం ఎలా మరుగుతుంది? పిల్లలు అడగాల్సిన ప్రశ్న ఇదే. ఒక్కో పాత్రకూ లోపలి ఒత్తిడి తగ్గుతూ పోయేలా చేశాడు కాబట్టి తక్కువ వేడికే మరిగేది. ఒక పాత్రలో కిలో ఆవిరితో సుమారు కిలో నీళ్ళు ఇంకితే, మూడు పాత్రల్లో దాదాపు మూడు కిలోలు ఇంకుతాయి. కట్టెలు మిగిలాయి, చక్కెర మాడకుండా తెల్లగా వచ్చింది, గరిటె పట్టుకుని బాన పక్కన నిలబడే పని పోయింది.

చెప్పినంత తేలిక కాదు లెండి. తొలి ప్రయత్నాలు ఫలించలేదు. 1843లో, మళ్ళీ 1846లో పేటెంట్లు వచ్చాయి. 1845లో థియోడోర్ ప్యాక్‌వుడ్ అనే తోట యజమాని దగ్గర యంత్రం సరిగా నడిచాక మిగతా యజమానులూ కొనసాగారు. లాభం ఎవరికి చేరిందన్నదీ పిల్లలకు చెప్పాలని నా అభిప్రాయం. అది బానిసల శ్రమతో నడిచే తోటల యజమానులకే చేరింది. కాలిన గాయాల నుంచి కొందరిని కాపాడిన యంత్రమే ఆ వ్యాపారాన్ని ఇంకా బలపరిచింది కూడా.

న్యూ ఓర్లియన్స్‌ను యెల్లో ఫీవర్ పీడిస్తున్నప్పుడు, మురుగు కాలువలు కట్టి చిత్తడి నేలలు ఎండగట్టే ప్రణాళిక ఒకటి రిల్యూ తయారుచేశాడు. అధికారులు దాన్ని తోసిపుచ్చారు. ఆయన యంత్రాన్ని ఒప్పుకున్న ఊరు ఆయన మాటను ఒప్పుకోలేదు. నల్లజాతివారి మీద ఆంక్షలు పెరిగాక ఆయన పారిస్ వెళ్ళిపోయి, కొన్నేళ్ళు ఈజిప్టు చిత్రలిపి చదువులో మునిగిపోయాడు. అయినా డెబ్బై ఐదేళ్ళ వయసులో మళ్ళీ చక్కెర దగ్గరికే వచ్చి, బీట్‌రూట్ జాతి దుంపల నుంచి చక్కెర తీసే పద్ధతికి 1881లో పేటెంట్ తీసుకున్నాడు. 1894లో పారిస్‌లోనే కన్నుమూశాడు.

పాలపొడి తయారీలో పాలు చిక్కబరచడానికీ, సముద్రపు నీటి నుంచి మంచినీళ్ళు తీయడానికీ ఈ పద్ధతి నేటికీ వాడుతున్నారు. మీ ఊరి దగ్గర చక్కెర ఫ్యాక్టరీ ఉంటే, చెరకు ఆడే రోజుల్లో అనుమతి తీసుకుని పిల్లల్ని తీసుకెళ్ళండి. వరుసగా నిలబడ్డ ఎత్తైన పాత్రలు కనిపిస్తాయి. అవి ఎన్ని ఉన్నాయో, ఏది ఎక్కువ వేడిగా ఉందో వాళ్ళనే కనుక్కోమనండి.