సయ్యద్ హుసేన్ బిల్గ్రామీ

నవాబ్ ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్గ్రామీ (మరణం: 1926) హైదరాబాదు సంస్థానానికి చెందిన ప్రముఖ విద్యావేత్త, పరిపాలకుడు, రచయిత. అసఫియా గ్రంథాలయము (నేటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము), దాయిరతుల్ మారిఫ్ ప్రచురణ సంస్థల స్థాపకులలో ఈయన ముఖ్యుడు. మొదటిది గ్రంథాలను ఒకచోట భద్రపరచడానికి, రెండవది అరుదైన గ్రంథాల ప్రతులను పెంచడానికి ఏర్పడ్డాయి. హైదరాబాదులో సమాచార నిల్వ చేతివ్రాత నుండి కంప్యూటరు వరకు సాగిన క్రమంలో ఈ రెండు సంస్థలకు ప్రత్యేక స్థానముంది.

బాల్యము, విద్య

బిల్గ్రామీ 1840వ దశకంలో గయలో జన్మించాడు. వీరి వంశం అవధ్ ప్రాంతంలోని బిల్గ్రామ్ పట్టణానికి చెందినది. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టభద్రుడై, 1866 నుండి 1873 వరకు లక్నోలోని క్యానింగ్ కళాశాలలో అరబ్బీ ఆచార్యుడుగా పనిచేశాడు. పండితుడు సయ్యద్ అలీ బిల్గ్రామీ ఈయన సోదరుడు.

హైదరాబాదులో ఉద్యోగము

1873లో దివాన్ మొదటి సాలార్ జంగ్ కొలువులో చేరి ఆయనకు ఆంతరంగిక కార్యదర్శి అయ్యాడు. సాలార్ జంగ్ నివాసమైన దివాన్ దేవిడీ పాతబస్తీలో మూసీ నదికి దక్షిణాన ఉండేది. 1876లో సాలార్ జంగ్ ఇంగ్లాండు యాత్రలో బిల్గ్రామీ వెంట వెళ్ళాడు. 1883లో సాలార్ జంగ్ మరణించిన తరువాత ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ వద్ద కార్యదర్శిగా ఉన్నాడు. సి. విల్మట్‌తో కలిసి నిజాము రాజ్య చరిత్రను, స్థితిగతులను వర్ణిస్తూ ఆంగ్లంలో రెండు సంపుటాల గ్రంథాన్ని 1883-84లో ప్రచురించాడు. 1887 నుండి 1902 వరకు సంస్థాన విద్యాశాఖకు సంచాలకుడు.

ప్రచురణ సంస్థ

ఆ కాలంలో నగరంలోని అనేక గ్రంథాలు చేతివ్రాత ప్రతులుగానే ఉండేవి. తేమ, చెదలు, అగ్ని వీటికి శత్రువులు. ఒకే ఒక ప్రతి ఉన్న గ్రంథము నశిస్తే అందులోని విషయమూ నశించినట్లే. నకలు తీయించాలంటే కాతిబు పుటపుటా వ్రాయవలసి వచ్చేది; వ్రాసిన ప్రతిసారీ కొత్త తప్పులు దొర్లేవి.

ఈ పరిస్థితిలో 1888లో ముల్లా అబ్దుల్ ఖయ్యూం, అన్వారుల్లా ఖాన్‌లతో కలిసి బిల్గ్రామీ దాయిరతుల్ మారిఫ్‌ను స్థాపించాడు. వివిధ చోట్ల దొరికిన ప్రతులను సరిపోల్చి, పాఠాన్ని పరిష్కరించి అచ్చువేయడం ఈ సంస్థ పద్ధతి. వైద్యము, గణితము, ఖగోళము, చరిత్ర, మతశాస్త్ర గ్రంథాలు ఇక్కడ వెలువడ్డాయి. 11వ శతాబ్దపు శాస్త్రవేత్త అల్ బిరూనీ ఖగోళ గ్రంథము అల్ ఖానూన్ అల్ మసూదీని 1954-56 మధ్య 3 సంపుటాలుగా ప్రకటించారు. తరువాత ఈ సంస్థ ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి చేరింది.

గ్రంథాలయము

1891లో ఆబిడ్స్ ప్రాంతంలో అసఫియా గ్రంథాలయము ప్రారంభమైంది. నవాబుల, పండితుల ఇళ్ళలో ఉండే పుస్తకాలు వారి పరిచయస్థులకే అందేవి. ప్రభుత్వ గ్రంథాలయము ఏర్పడడంతో సాధారణ పాఠకునికీ ఆ అవకాశం కలిగింది.

పుస్తకాలను ఒకేచోట చేర్చడంలోనూ ప్రమాదముంది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరంలో వేలాది ఇళ్ళను ముంచివేసింది. అనంతరం వరద నివారణకు ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) జలాశయాలు నిర్మించారు. ఆ తరువాతనే 1936లో గ్రంథాలయము అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఉత్తర తీరాన, పాతబస్తీకి దారితీసే నయాపుల్ సమీపంలోని కొత్త భవనానికి మారింది. 1955 నాటి హైదరాబాదు గ్రంథాలయ చట్టముతో ఇది రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైంది.

ఇతర పదవులు, చివరి దశ

1902 నాటి భారత విశ్వవిద్యాలయ సంఘములో బిల్గ్రామీ సభ్యుడు. 1906లో ముస్లిం ప్రతినిధి వర్గము సిమ్లాలో వైస్రాయికి సమర్పించిన విజ్ఞాపన పత్రాన్ని ఈయనే రూపొందించాడు. 1907లో లండనులోని ఇండియా కౌన్సిలులో కె.జి.గుప్తాతో పాటు నియమితుడయ్యాడు. ఆ సభలో తొలి భారతీయ సభ్యులు వీరిద్దరే. 1909లో ఆ పదవిని వదలి హైదరాబాదుకు తిరిగివచ్చాడు. ఖురానును ఆంగ్లంలోకి అనువదించడం ప్రారంభించినా పూర్తిచేయలేకపోయాడు. 1926లో మరణించాడు.

డిజిటల్ యుగంలో

2000వ దశకంలో భారత డిజిటల్ లైబ్రరీ పథకం క్రింద రాష్ట్ర కేంద్ర గ్రంథాలయపు పుస్తకాలను స్కాన్ చేశారు. ఈ పనిలో హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ ముఖ్య పాత్ర వహించింది. 

కంప్యూటరులో సమాచారానికి అతిచిన్న ప్రమాణము బిట్. 8 బిట్లు ఒక బైటు. యూనీకోడు పద్ధతిలో (యూటీఎఫ్-8) ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు అవసరము. పుటకు 1,500 సంకేతాల చొప్పున 300 పుటల పుస్తకానికి 13.5 లక్షల బైట్లు, అనగా సుమారు 1.35 మెగాబైట్లు సరిపోతాయి. 1.44 మెగాబైట్ల ఫ్లాపీలో అటువంటి పుస్తకం ఒకటి, 700 మెగాబైట్ల సీడీలో సుమారు 500 పుస్తకాలు పడతాయి. స్కాన్ చేసిన పుట అక్షరాలుగా కాక బొమ్మగా నిల్వ అవుతుంది. అందుచేత ఆ పుస్తకానికి పదుల మెగాబైట్లు కావలసి రావచ్చు.

నిల్వ స్థలం పెరిగినా పాత ప్రమాదం తొలగలేదు. 2017 ప్రాంతంలో భారత డిజిటల్ లైబ్రరీ వెబ్‌సైటు అందుబాటులో లేకుండా పోయింది. అంతకుముందే స్వచ్ఛంద కార్యకర్తలు లక్షలాది పుస్తకాల ప్రతులను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చేర్చడం వలన అవి పాఠకులకు దక్కాయి. తాళపత్రమైనా, అచ్చు పుస్తకమైనా, హార్డ్ డిస్కు అయినా ఒకే ప్రతి, ఒకే చోటు అనేది భద్రత కాదు. బిల్గ్రామీ కాలంలో గ్రంథాలయానికి తోడుగా ముద్రణ సంస్థ కూడా ఏర్పడడంలోని ప్రయోజనము ఇదే.