కాకతి గణపతిదేవ మహారాజు



ఓరుగల్లునుండి ఖమ్మమునకుఁ బోవు మార్గమున నున్న మన మరిపెడకు సముద్రము మిక్కిలి దూరము. ఇచటి సేద్యము చెఱువులనీటి నాశ్రయించినది గావున కాకతీయులన్నచో మనకు మొదట జ్ఞప్తికి వచ్చునవి చెఱువులే. గణపతిదేవుని సోదరి మైలమ కట్టించిన బయ్యారపుఁజెఱువు మన యిరుగుపొరుగుననే యున్నది. అయినను ఆ మహారాజు బుద్ధియు హృదయమును ఎట్టివో యెఱుఁగఁగోరువారు చెఱువుకట్ట విడిచి కడలియొడ్డునకుఁ బోవలయును.

ఆ వంశము మాదనువారు పెక్కు కులములలోఁ గలరు. శాసనములే యొకచోట నొకవిధముగను మఱియొకచోట వేఱొకవిధముగను పలుకుచుండఁగా ఆ తగవు మన మీ పుటలలోఁ దీర్పఁజాలము. ఆయన చేసిన పని చూతము.

1199 ప్రాంతమున తండ్రి మహాదేవరాజు దేవగిరి యాదవులతోడి పోరున మడిసెను. గణపతిదేవుఁడు శత్రువుల చెఱఁ బడెను. రాజు లేని రాజ్యమును రేచర్ల రుద్రసేనాని నిలిపెను. 1213లో పాలంపేట రామప్పగుడిని ప్రతిష్ఠించినవాఁడితఁడే. కొంతకాలమునకు యాదవరాజు జైతుగి గణపతిదేవుని విడిచి రాజ్యమునకుఁ బంపెను. యాదవుల వ్రాఁతలు దీనిని కారుణ్యమని కొనియాడినవి. చరిత్రకారు లింకొక హేతువును జూపుదురు: ఆంధ్రదేశ మరాజకమైనచో దక్షిణపురాజులు చొరఁబడుదురు, కృతజ్ఞుఁడగు రాజు ఓరుగంట నుండుట దేవగిరికి మేలు. రెండును నిజమై యుండవచ్చును. శత్రువు దయవలన బ్రదికినవాఁడు ఆ దయవెనుక నున్న లెక్కనుగూడ గ్రహించియుండునని నా తలంపు.

తీరాంధ్రమును జయించినపు డాయన నడవడియు నిట్టిదే. దివిసీమ నేలిన అయ్యవంశీయులను నిర్మూలింపక, ఆ యింటి యాఁడుపడుచులు నారమ పేరమలను పరిణయమాడి, వారి సోదరుఁడు జాయపను గజసేనకు నాయకునిఁ జేసెను. ఆ జాయపయే నృత్తరత్నావళిని రచించెను.

ఇఁక మోటుపల్లి మాట. ఈ రేవు నేఁటి బాపట్ల జిల్లాలోనిది. సముద్రముపై నొక దేశమునుండి యింకొక దేశమునకుఁ బోవు ఓడ తుపానునఁ బగిలి యొడ్డునకుఁ గొట్టుకొని వచ్చినచో, అందలి బంగారము, గుఱ్ఱములు, ఏనుఁగులు, రత్నములు సమస్తమును ఆ తీరపురాజులు లాగికొనుట పూర్వపు వాడుక. గణపతిదేవుఁడు 1244లో దానిని మాన్పి, విధించిన సుంకము దక్క తక్కిన సొత్తెల్ల వర్తకులకే చెందునని శాసించెను. ప్రాణముకంటె ధనమే గొప్పదని నమ్మి కడలి దాఁటువారి సాహసమును తలంచి, దయచేతను, కీర్తి ధర్మముల కొఱకును ఇట్లు చేసితినని హేతువు చెప్పెను. లాభమును పేర్కొనలేదు.

కాని దయతో శాసనము ముగియలేదు. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకవంతు సుంకమని నిర్ణయించి, చందనము, చీనాకర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, జవ్వాది, రాగి, సీసము, పట్టునూలు, పవడములు, మిరియములు, పోకలు మున్నగువానికి గద్యాణములలోను, పణములలోను, పణపు భాగములలోను వెలలు చెక్కించెను. ఒక చక్రవర్తి పోకలలెక్క చూచుట చిన్నతనమని కొందఱనవచ్చును, నాకట్లు తోఁపదు. వెల శిలపై లేనిచో రాజు దయ రేవునందలి సుంకరి చేతిలోఁ బడును. ఒకనికి ముప్పదింట నొకటి, వేఱొకనికి పదింట నొకటి యగును.

మఱియొక లెక్క చూడుఁడు. పగిలిన యొక యోడను దోఁచిన వచ్చు సొమ్ము సుంకముగా రావలెనన్న అట్టి యోడలు ముప్పది రేవుఁ జేరవలయును. ఆ ముప్పది యోడలు ఏ పద్దులోను లేవు. చేతఁ జిక్కిన యోడ మాత్రము కన్నుల యెదుట నున్నది. ఆ యేఁటి పద్దు మాత్రమే చూచు మంత్రి దోపిడినే మేలనియుండును. విద్యార్థి వసతిగృహముల పద్దులు వ్రాయు మన కార్యదర్శులకు, రుసుము చెల్లింపలేని బాలుఁడు వాకిట నిలిచినపుడు, ఈ సంకటము క్రొత్తది కాదు. గణపతిదేవుఁడు రాని యోడల నమ్మకమును ముందుగా హృదయమునఁ జూచెను; పిమ్మట దానిని భిన్నములతో బిగించెను.

ఆయన తలంపులన్నియు ఫలించినవని చెప్పఁబోను. తుదిదినములలో పాండ్యులచేత ముత్తుకూరున నోడి నెల్లూరుసీమను గోల్పోయెను. పుత్రులు లేనందున కొమార్తె రుద్రమను రుద్రదేవ మహారాజను పేర రాజ్యమున నిలిపి, 1262 ప్రాంతమున పాలన విరమించెను.

ఆ శతాబ్దపు చివర మార్కోపోలో మోటుపల్లిని ముట్ఫిలి యని పేర్కొని, అచటి సన్నని వస్త్రములను, ఆ దేశపు రాణి న్యాయమును శ్లాఘించెను. కాకతీయ రాజ్యము 1323లో కూలెను. 1358లో కొండవీటి అనపోతారెడ్డి అదే రేవున వర్తకులకు మఱల నభయశాసనము వ్రాయించెను.