ఆకలిని వేళ అడగని ఇల్లు: డొక్కా సీతమ్మ

గోదావరి సముద్రంలో కలిసే ముందు పాయలుగా చీలి, వాటి నడుమ లంకలను నిలిపింది. వైనతేయ పాయ ఒడ్డున ఉన్న లంకల గన్నవరం అటువంటి సీమలోని ఊరు. వంతెనలు అరుదుగా ఉన్న పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడ ప్రయాణమంటే కొంత నడక, కొంత పడవ. పడవ తప్పినా, ఏరు పొంగినా బాటసారి రేవులోనే చిక్కుకుపోయేవాడు. చేతిలో పైకం లేనివాడికి పూటకూళ్ల ఇల్లు ఉన్నా లేనట్టే. అలాంటివారు దారి అడుగుతూ వెళ్లిన ఇల్లు డొక్కా సీతమ్మది.

సీతమ్మ 1841లో గోదావరి ప్రాంతంలోని మండపేటలో జన్మించారు. తండ్రి అనుపిండి భవానీశంకరం, తల్లి నరసమ్మ. అడిగినవారికి లేదనకుండా అన్నం పెట్టే తండ్రిని ఊరివారు బువ్వన్న అని పిలిచేవారు. చిన్నతనంలోనే తల్లి మరణించడంతో ఇంటి బాధ్యత సీతమ్మ మీద పడింది. ఒకనాడు వారింట భోజనానికి ఆగిన గన్నవరం రైతు డొక్కా జోగన్న, ఆ బాలిక అతిథులను ఆదరించిన తీరు చూసి ఆమెను వివాహమాడారని ప్రతీతి.

జోగన్న కుటుంబానికి భూవసతి ఉండేది. ధాన్యం పుష్కలంగా ఉన్నంత మాత్రాన అన్నం సిద్ధమైపోదు. ఆనాడు వడ్లు దంచాలి, నీళ్లు మోయాలి, కట్టెల పొయ్యి ముందు పొగలో కూర్చోవాలి, విస్తళ్లు కుట్టాలి. ఇదంతా ఒక పండుగకో ఒక శుభకార్యానికో చేయడం వేరు, ఏ రోజు ఎందరు వస్తారో తెలియకుండా ఏళ్ల తరబడి చేయడం వేరు. అర్ధరాత్రి తలుపు తట్టినవారికి సైతం సీతమ్మ పొయ్యి రాజేసి వండి వడ్డించేవారని గోదావరి ప్రాంతంలో నేటికీ చెప్పుకుంటారు. వచ్చినవారి కులం అడగలేదని, వరదల్లో చిక్కుకున్నవారికి అన్నం పంపారని కూడా చెబుతారు. ఆమె చరిత్ర చాలావరకు ఇలా జనశ్రుతిగానే మనకు అందింది. తిన్నవారు మరచిపోకపోవడమే దానికి ఆధారం.

ఆ కథల్లో అందరికీ తెలిసినది అంతర్వేది ప్రయాణం. గోదావరి సాగరసంగమం వద్ద వెలసిన లక్ష్మీనరసింహస్వామిని దర్శించాలని సీతమ్మకు చిరకాల వాంఛ. అతిథుల రాక ఆగదు గనుక ఇల్లు కదలడం ఆమెకు సాధ్యపడేది కాదు. చివరకు ఒకనాడు బయలుదేరారు. దారిలో విశ్రమించిన చోట, ఆకలితో ఏడుస్తున్న పిల్లలను పెద్దలు సముదాయించడం ఆమె చెవిన పడింది. ఇంకొంత దూరం నడిస్తే గన్నవరంలో సీతమ్మగారి ఇల్లు వస్తుందని, అక్కడ కడుపునిండా తినవచ్చని వారు నచ్చజెబుతున్నారు. తాను లేని ఇంటికి వారు వెళ్తున్నారని గ్రహించిన సీతమ్మ దర్శనం మానుకుని వెనుదిరిగారు. వారికంటే ముందుగా ఇల్లు చేరి వంట సిద్ధం చేశారని చెబుతారు. ఆ ప్రయాణంలో ఆమె వదులుకున్నది ధనం కాదు, ఎన్నో ఏళ్లుగా తనకోసం తాను కోరుకున్న ఒకే ఒక్క కోరిక.

సీతమ్మ పేరు సముద్రాలు దాటింది. ఏడో ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవాలకు ఆమెకు ఆహ్వానం వచ్చిందని, ఆమె సున్నితంగా నిరాకరించారని, అధికారులు ఆమె ఛాయాచిత్రం తీయించి పంపారని ఒక కథనం ప్రచారంలో ఉంది. అన్నం పెట్టడం ఆమె దృష్టిలో సన్మానానికి తగిన ఘనకార్యం కాదు, ఇంటి పనుల్లో అదీ ఒకటి.

అయితే ఆ పనికి మూల్యం లేకపోలేదు. అన్నదానం కోసం డొక్కా వారి ఆస్తి క్రమంగా కరిగిపోయిందని చెబుతారు. వడ్డన మాత్రం ఆగలేదు. 1909 ఏప్రిల్ 28న సీతమ్మ కన్నుమూశారు.

గన్నవరం వద్ద వైనతేయపై, బ్రిటిష్ కాలపు పాత అక్విడక్టుకు చేరువలో నిర్మించిన కొత్త అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. ఒకప్పుడు బాటసారులు పడవ కోసం నిరీక్షించిన తీరాన ఆ పేరు నిలవడం సముచితం. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాఠశాలల మధ్యాహ్న భోజన పథకానికి కూడా ఆమె పేరే ఖరారు చేసింది.

ఇప్పుడు ఆ పేరుతో లక్షల విస్తళ్లు లేస్తున్నాయి. సీతమ్మ మాత్రం లక్షల లెక్కతో మొదలుపెట్టలేదు. గుమ్మంలో నిలబడిన మనిషి తిన్నాడా లేదా అన్నదొక్కటే ఆమె చూసింది. మరునాడు మరొకరు వచ్చినప్పుడూ మళ్లీ అదే చూసింది. దయ చూపే అవకాశం చాలాసార్లు మనకు వీలుకాని వేళలోనే ఎదురవుతుంది. ఆ వేళకు లేచి పొయ్యి వెలిగించడమే సీతమ్మ జీవితమంతా చేసిన పని.